నిలబడితేనే మరిగే బండి

నాకు కోపం ఎక్కువ. ఒకప్పుడు ఈ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని, ఎందుకంటే నా కోపానికి గిరాకీ ఉంది. నేను డబ్బింగ్ చెబుతాను. ఇరవై ఏళ్లుగా తెర మీద హీరోయిన్లు పళ్లు కొరుకుతుంటే వాళ్ల వెనక అరుస్తున్నది నేనే. ఫిల్మ్ నగర్‌లో ఏ డబ్బింగ్ థియేటర్‌లోనైనా, దెబ్బలాట సీను వచ్చిందంటే ముందు నాకే ఫోన్ చేస్తారు. ఆ కోపమే ఒకసారి మైకు దాటి బయటికి వచ్చి ఒక మనిషి ఉద్యోగం పోగొట్టింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అతను నా కారు నాలుగేళ్లు నడిపాడు. ఇల్లు బోరబండలో. నాకన్నా రెండు మూడేళ్లు పెద్దే అయినా నేను నువ్వు అనేదాన్ని, అతను మీరు అనేవాడు, ఇద్దరికీ అందులో తప్పేం కనిపించలేదు. నాకు పని ఉన్న రోజునే అతనికీ పని, లేని రోజు లేదు. నెల తిరిగేసరికి జీతం వచ్చే చోటు కోసం చాలాకాలంగా చూస్తున్నాడు. ఒక నిర్మాణ సంస్థ ఆఫీసులో డ్రైవరు ఉద్యోగం ఖాళీ అయిందని తెలిసి, అక్కడి మేనేజరుతో నేనే మాట్లాడాను. "మీరు చెప్పాక ఇంకేముందండీ, ఒకటో తారీఖు నుంచి రమ్మనండి" అన్నాడాయన. ఆ కబురు చెప్పిన రోజు మా డ్రైవరు కారుని రెండుసార్లు కడిగాడు.

ఒకటో తారీఖుకి ఇంకా పది రోజులుంది. మే నెల. అప్పుడే తెలిసిన దర్శకుడొకాయన ఫోన్ చేసి, తన వెబ్ సిరీస్‌లో ఒక సీను కోసం నా కారు ఒక్కరోజు కావాలన్నాడు. కారులో భార్యాభర్తలు కూర్చుని పోట్లాడుకునే సీను. కారు ఎక్కడికీ కదలదు, జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా ముందు నిలబడి ఉంటుంది. సరే అన్నాను. డ్రైవరు కారు తీసుకెళ్లాడు. మధ్యాహ్నం నాకు పని లేక నేనూ వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆ సిరీస్‌కి డబ్బింగ్ లేదట. నటులు అక్కడ ఏం మాట్లాడితే అదే రికార్డు. అది విని నేను మొహం మాడ్చుకున్నాను, నా పొట్ట కొట్టే పద్ధతి కదా. ఎండకి నటి మేకప్ కారిపోతోందని అద్దాలు ఎత్తి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఏసీ వేశారు. రెండో టేకులో సౌండ్ చూసే అతను హెడ్‌ఫోన్లు తీసేసి విసుక్కున్నాడు. "ఇంజన్‌తో నాకు బాధ లేదు సార్. ముందు ఫ్యానొకటి ఉంది, బుర్రుమని వస్తుంది, ఆగిపోతుంది, మళ్లీ వస్తుంది. రేపు ఎడిటింగ్‌లో ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ అతకదు" అన్నాడు. ఎవరో బానెట్ ఎత్తారు. ఒక్క నిమిషంలో ఆ బుర్రు ఆగిపోయింది. అంతా నిశ్శబ్దం. మూడో టేకు ఓకే అయింది, అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. శబ్దం విషయంలో ఇంత శ్రద్ధ ఉన్న కుర్రాళ్లు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతారని ఆ దర్శకుడితో అన్నాను కూడా. ఈ చెవులతోనే విన్నాను. ఈ చెవుల మీదే నేను బతుకుతున్నాను.

మూడో రోజు ఫిల్మ్ నగర్‌లో నాకు డబ్బింగ్. ఇక్కడ మా అందరికీ ఒక అలవాటుంది. లోపల పని ఇంకో పది నిమిషాల్లో అవుతుందనగా డ్రైవరుకి ఫోన్ చేసి ఏసీ వేసి ఉంచమంటాం. మేం తలుపు తీసేసరికి కారు చల్లగా ఉండాలి. హీరోలకి మొదలైన అలవాటు, మెల్లగా మా దాకా వచ్చింది. సాయంత్రం నాలుగింటప్పుడు ఏ స్టూడియో సందులో చూసినా నిలబడ్డ కార్లన్నీ గుర్రుమంటూనే ఉంటాయి. నేనూ ఆ రోజు అలాగే ఫోన్ చేశాను. పది నిమిషాలన్నది ముప్పావుగంట అయింది, హీరోయిన్ ఏడుపు నాకు ఒక పట్టాన రాలేదు.

బయటికొచ్చేసరికి నా కారు బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఇంజన్ ఆపేసి ఉంది. మా డ్రైవరు చేతిలో నీళ్ల సీసాతో నిలబడి ఉన్నాడు. చుట్టూ నలుగురు డ్రైవర్లు, ఇద్దరు ముగ్గురు మావాళ్లు. ఒక సీనియర్ నటుడు నా పక్కనే మెట్లు దిగుతూ, "ఏముందమ్మా, ఏసీ వేసుకుని పడుకుని ఉంటాడు. మీరు లోపల, వాడు చల్లగా. ఇంజన్ కాలిపోదూ!" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ ఒక్క మాట చాలు నాకు. అంతకుముందు శీతాకాలంలో ఒకసారి అతను సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోవడం చూశాను, అదీ గుర్తొచ్చింది. అప్పుడు ఏసీ ఉందా లేదా అన్నది గుర్తులేదు. ఆ క్షణంలో అవసరం కూడా అనిపించలేదు.

"ఇంజన్ కాల్చేశావు కదా" అన్నాను.

"మీరే గద మేడమ్ ఏసీ వెయ్యమన్నరు" అన్నాడు.

నిజమే. నేనే వెయ్యమన్నాను. కానీ పదిమంది ముందు ఎదురు సమాధానం చెప్పాడన్నదే నా చెవికి ఎక్కింది, చెప్పినది ఎక్కలేదు. అతనితో ఇంకొక్క మాట మాట్లాడలేదు. అక్కడే నిలబడి ఫోన్ తీశాను. ముందు నిర్మాణ సంస్థ మేనేజరుకి చేశాను. "నేను చెప్పిన మనిషిని తీసుకోవద్దు. ఏసీ వేసుకుని నిద్రపోయి నా బండి తగలేశాడు. రేపు మీ హీరోగారి బండికి ఇదే గతి పట్టిస్తాడు" అన్నాను. తర్వాత మా సినిమాలకి పనిచేసే ఎడిటర్ ఒకాయనకి. తర్వాత ఇద్దరు స్నేహితురాళ్లకి. క్యాబ్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. క్యాబ్ ఎక్కుతూ అతనితో, "తాళాలు సెక్యూరిటీకి ఇచ్చి వెళ్లిపో. రేపటి నుంచి రాకు" అన్నాను. అతను తలూపాడు.

మర్నాడు కారుని కంపెనీ సర్వీస్ సెంటరు వాళ్లు లాక్కెళ్లారు. గాజు గోడలు, కాఫీ మిషను, చేతిలో ట్యాబ్ పట్టుకుని మేడం మేడం అంటూ తిరిగే ఒక అబ్బాయి. థర్మోస్టాట్ మార్చామన్నాడు. కూలెంట్ మార్చామన్నాడు. జూబ్లీహిల్స్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు దాకా ఇరవై కిలోమీటర్లు నడిపి చూశామనీ, ఇంజన్ వేడి చూపించే సూది సగం దాటలేదనీ, బండి బంగారంలా ఉందనీ చెప్పాడు. "డ్రైవర్ మిస్‌యూజ్ మేడం. గంటలు గంటలు ఏసీ వేసి నిలబెట్టేస్తారు" అన్నాడు. నా అనుమానానికి ముద్ర పడింది. ఆ మాట కూడా నలుగురికి ఫోన్ చేసి చెప్పాను.

రెండు రోజులకి నేనే నడుపుకుంటూ జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నాను. సూది సగం దాటింది. ఎర్ర గీత వైపు పాకుతోంది. ముందు ముప్పై బండ్లు, వెనక ముప్పై బండ్లు. పక్కన ఆటో నడుపుతున్న ఒక పెద్దాయన తల బయట పెట్టి, "మేడమ్, ఏసీ బంద్ చెయ్యి, హీటర్ వెయ్యి, ఫుల్లు! ఇంజన్ల వేడి లోపటికి గుంజుతది" అన్నాడు. మే నెల మిట్టమధ్యాహ్నం, అద్దాలు దించుకుని, హీటరు ఫుల్లుగా పెట్టుకుని నేను ఆ సిగ్నల్‌లో ఉడికాను. చీర ఒంటికి అంటుకుపోయింది. సర్వీస్ సెంటరు వాళ్లనీ, ట్రాఫిక్‌నీ, మా డ్రైవరునీ, వరసగా అందరినీ తిట్టాను. సిగ్నల్ దాటి బండి కాస్త పరిగెత్తగానే సూది బుద్ధిగా కిందికి వచ్చింది. అది చూస్తే ఇంకా మండింది. ఆటోవాడు నన్ను వదల్లేదు. యూసుఫ్‌గూడలో తనకు తెలిసిన షెడ్డుకి దారి చూపిస్తూ ఆటోలో ముందు వెళ్లాడు.

షెడ్డు అంటే ఒక రేకుల కప్పు, రెండు బండ్లు పట్టే జాగా. మెకానిక్ యాభై దాటిన మనిషి. నేను మొదలుపెట్టి ఆవిరి, ఆపేసి ఉన్న ఇంజన్, థర్మోస్టాట్, కూలెంట్, డ్రైవరు నిద్ర అంతా చెప్పాను. చేయి తుడుచుకుంటూ విన్నాడు.

"ఉరుకుతుంటే సూది కిందికొస్తదా?"

"వస్తుంది."

"నిలబడితేనే మీదికి పోతదా?"

"అవును."

"గట్లయితే నీళ్లది గాదు. గాలిది" అన్నాడు. "బండి పోతున్నప్పుడు ఎదురు గాలి రేడియేటర్‌కి తగుల్తది, చల్లగయితది. నిలబడ్డప్పుడు గాలి ఏడికెళ్లి వస్తది? ముంగట ఫ్యానుంటది గద, గదే ఇయ్యాలె. ఆ షోరూమోళ్లు ఉరికించి చూసిన్రు. నిలబెట్టి చూసిన్రా?"

లేదు. నిలబెడితే మరిగే బండిని ఇరవై కిలోమీటర్లు పరిగెత్తించి బంగారం అని రాసిచ్చారు. వాళ్ల మీద అప్పటికప్పుడు అరవడానికి ఫోన్ తీశాను. "జర ఆగున్రి మేడమ్" అన్నాడు మెకానిక్, "ముందు బండి చూద్దం."

వేడి మీద రేడియేటరు మూత తీస్తే మొహం కాలుతుందని అరగంట ఆగాడు. తర్వాత మూత తీసి నీళ్లు చూశాడు, సరిపడా ఉన్నాయి. ఇంజన్ ఆన్ చేసి నన్ను ఏసీ వెయ్యమన్నాడు. "ఏసీ వెయ్యంగనే ఫ్యాన్ తిరగాలె" అన్నాడు. తిరగలేదు. ఫ్యూజు పీకి వెలుతురులో పెట్టి చూశాడు, బాగుంది. ఇంజన్ ఆపించి, బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి నేరుగా ఫ్యానుకి తగిలించాడు. గిర్రున తిరిగింది. "మోటర్ మంచిగనే ఉంది. కరెంటే వస్తలేదు" అని, టార్చి వేసి ఫ్యాను వైరు వెంబడి వేలితో తడుముకుంటూ వెళ్లాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఇగో చూడున్రి."

ఫ్యాను వైరు చివర ఉండాల్సిన ప్లగ్గు ఊడి ఉంది. తనంతట తాను ఊడలేదు. ఎవరో లాగి, వైరుని వెనక్కి మడిచి, అటూ ఇటూ కొట్టుకోకుండా పక్కనున్న పైపుకి నల్ల గుడ్డ టేపుతో నీటుగా చుట్టారు. "గిది మా టేపు గాదు" అన్నాడు మెకానిక్. "మాది ప్లాస్టిక్‌ది ఉంటది. గిసొంటిది షూటింగోళ్ల నడుముకు యాలాడుతది."

నాకు చెప్పక్కర్లేదు. ఆ టేపు లేని సెట్టు నేను ఇంతవరకు చూడలేదు. వైర్లు, మైకులు, నటులు నిలబడాల్సిన గుర్తులు, అన్నీ దానితోనే అంటిస్తారు. ఫ్యాను శబ్దం రాకూడదని ప్లగ్గు పీకారు. టేకు ఓకే అయింది, చప్పట్లు కొట్టారు, బానెట్ మూసేశారు. మళ్లీ పెట్టడం ఒక్కడికీ గుర్తులేదు. ఆ పక్కనే కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టిన నాకూ, బుర్రుమనేది ఆగిపోయింది, మళ్లీ ఎప్పుడు మొదలైందీ అన్న ఆలోచన రాలేదు.

మెకానిక్ టేపు విప్పి ప్లగ్గు నొక్కాడు. ఏసీ వెయ్యగానే ఫ్యాను బుర్రుమంది. బండిని అలాగే అరగంట నిలబెట్టి చూశాడు. సూది కదల్లేదు. ఇంజన్ ఆయిల్ వేలికి అద్దుకుని రంగు చూసి, నీళ్లలో బుడగలు వస్తున్నాయేమో చూసి, తల పంకించాడు.

"అదృష్టం మేడమ్. ఆ దినం ఆవిరి రాంగనే మీ డ్రైవర్ ఇంజన్ బంద్ చేసిండు చూడున్రి, గందుకే బతికింది. ఇంకో రెండు నిమిషాలయితే ఇంజన్ హెడ్డు పోతుండె. మనిషి హుషారున్నడు."

నేను తల దించుకున్నాను. అక్కడ కోపం తెచ్చుకోవడానికి నాకు ఎవరూ మిగల్లేదు. అయినా నాకు తేలిగ్గా దొరికే మనిషి దర్శకుడు కాబట్టి, ఆయనకి ఫోన్ చేశాను. "అయ్యో, పెట్టలేదా? మావాళ్లు మర్చిపోయుంటారండీ" అని నవ్వాడు. "కానీ ఆ సీను ఉంది చూశారూ, అదిరిపోయింది. సౌండ్ క్లీన్‌గా వచ్చింది." నేను డబ్బింగ్‌లో ఏ హీరోయిన్‌కీ అరవని అరుపు అరిచాను. షెడ్డు పక్కన టీ కొట్టులోవాళ్లు బయటికొచ్చి చూశారు. అరిస్తే ఏమైంది? ప్లగ్గు పీకినవాడు మర్చిపోయాడు, అంతే. మా డ్రైవరు గురించి ఊరంతా చెప్పింది వాడు కాదు.

బోరబండ స్టేషన్ దాటి గుట్ట మీదికి మెట్లు ఎక్కి, ఇద్దరు ముగ్గుర్ని అడిగి అతని ఇల్లు పట్టుకున్నాను. నాలుగేళ్లలో ఆ ఇల్లు ఎక్కడో నేను అడిగింది లేదు. అతను ఇంట్లోనే ఉన్నాడు. వాటర్ ట్యాంకర్ మీద డ్రైవరుగా కుదిరాడట, తెల్లవారుజామున వెళ్లి మధ్యాహ్నానికి వస్తున్నాడు. భార్య కుర్చీ వేసింది. కూర్చోకముందే చెప్పేశాను, తప్పు నాదని, ప్లగ్గు సంగతి, టేపు సంగతి, అన్నీ.

అతను అంతా విని, "ఎంతమందికి చెప్పిన్రు మేడమ్?" అని అడిగాడు.

"ముగ్గురికో, నలుగురికో."

"వాళ్లకి చెప్తరా, నేను గట్ల చెయ్యలేదని?"

అక్కడే కూర్చుని ఫోన్ తీశాను. అతనికీ వినబడాలని స్పీకరు పెట్టాను. ముందు మేనేజరు. "ఎవరండీ? ఆ, ఏసీ డ్రైవరా!" అన్నాడు. ఆ చోటు అప్పుడే నిండిపోయిందన్నాడు. "పోనీ వదిలేయండి మేడం, ఎందుకింత సీరియస్‌గా తీసుకుంటారు" అన్నాడు. ఎడిటరూ అదే మాట, ఏసీ డ్రైవరు. నా స్నేహితురాలు ఆ పేరు వినగానే నవ్వేసింది. నేను పెట్టలేదు ఆ పేరు. నేను చెప్పిన కథకి వాళ్లే పెట్టుకున్నారు, నాకు తెలియకుండానే అది ఫిల్మ్ నగర్ అంతా తిరుగుతోంది. గుమ్మం దగ్గర నిలబడ్డ అతని భార్య లోపలికి వెళ్లిపోయింది. అతను మాత్రం ప్రతి ఫోనూ చివరిదాకా విన్నాడు. ముగ్గురో నలుగురో అన్నవాళ్లు లెక్కకి పదకొండు మంది తేలారు. పదకొండు మందికీ చెప్పాను. అందరూ సరేనన్నారు. ఒక్కరైనా అతనికి ఏమైందని అడగలేదు.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "వాళ్లు ప్లగ్గు పీకడం నువ్వు చూడలేదా?"

"చూసిన మేడమ్. మళ్ల పెట్టిన్రా అని అడిగిన, పెట్టినం పో అన్నరు. నేను నమ్మిన, బానెట్ ఎత్తి చూడలే. గది నా తప్పే. ఆవిరొచ్చినప్పుడు గదే అయ్యుంటదని సమజయింది. మీకు చెప్దామని చూసిన."

"మరి చెప్పలేదేం?"

"మీరు ఫోన్ల ఉన్నరు" అన్నాడు.

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, కోపానికి ఎలా జవాబు చెప్పాలో నాకు తెలుసు. రేపటి నుంచి మళ్లీ నా బండికి రమ్మన్నాను. ఈసారి నెల జీతం ఇస్తానన్నాను.

"వద్దు మేడమ్. ట్యాంకర్ మంచిగనే ఉంది."

"ట్యాంకర్ మీద ఎన్నాళ్లు చేస్తావు? ఆలోచించుకో."

"ఆలోచించిన. మీ బండికి మాత్రం రాను."

మర్యాదగానే అన్నాడు. మెట్ల దాకా వచ్చి సాగనంపాడు కూడా. నేను ఆ మెట్లు దిగుతుంటే మళ్లీ వేడి తన్నుకొచ్చింది. ఇంత ఎండలో గుట్ట ఎక్కి వచ్చానే, పదకొండు మంది ముందు నన్ను నేను తక్కువ చేసుకున్నానే, నెల జీతం ఇస్తానన్నానే, అయినా రానంటాడా, ఎంత పొగరు. కారెక్కి తలుపేసేసరికి ఫోను చేతిలో ఉంది. స్నేహితురాలి నంబరు తెర మీదికి వచ్చేసింది. "చూశావా, అంత చేస్తే ఏమన్నాడో తెలుసా" అన్న వాక్యం నోట్లో తయారుగా ఉంది, ఒక్క నొక్కు నొక్కితే బయటపడుతుంది. నా వేలు దాని మీదే ఉంది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఫోన్ ఆపేసి వెనక సీటులో పడేసి, ఇల్లు చేరేదాకా పళ్లు బిగించుకుని బండి నడిపాను.